తాత రేడియోగ్రామ్: బుయ్‌మని హమ్ము, రికార్డు నెమ్మది, పాలిష్ ఏది మంచిది?

దేవరకొండ_చిన్నోడు:
వెనక గదిలో పడున్న తాత వాల్వు రేడియోగ్రామ్ (రేడియో, రికార్డు ప్లేయరు కలిసిన చెక్క పెట్టె) బయటికి తెచ్చాం. మూత ఎత్తితే గరార్డ్ కంపెనీ ఛేంజర్ (రికార్డులు తిప్పే మిషన్) ఉంది. ప్లగ్ పెడితే బుయ్‌మని ఒకటే హమ్ము. రికార్డు సాగదీసి పాడుతోంది. సూది ఎక్కడ దొరుకుతుంది? చెక్కకు పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొట్టిద్దామా? బతుకమ్మకు చుట్టాలొస్తారు, ఆలోపే కావాలి.

పాలమూరు_వాల్వు:
ముందు ప్లగ్ పీకు తమ్మీ! ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి, హమ్ము అందుకే. అంతకంటే ప్రమాదం ఈఎల్84 అనే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి వెళ్లే పేపర్ కండెన్సర్. అది లీకైతే వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతుంది, వెంట ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చెయ్. బల్బు ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. లోపల 250 వోల్టుల డీసీ ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా చెయ్యి పెట్టకు.

గద్వాల_రందా:
పీయూ మాటెత్తకు. మా ఊళ్లో ఒకాయన మిషన్‌తో సాండింగ్ చేయించాడు, వెనీర్ లేచిపోయి కింద ప్లైవుడ్ కనబడింది. ఆ టేకు పొర మిల్లీమీటరు కూడా ఉండదు. లక్క పాలిష్ ఒక్కటే.

మిర్యాలగూడ_సౌండ్:
లక్క మీద చాయ్ గ్లాసు పెడితే తెల్ల మచ్చ. పీయూనే బెటర్. లోపలి తుక్కంతా తీసి బ్లూటూత్ ఆంప్లిఫయర్ పెట్టు, గోల పోతుంది.

గద్వాల_రందా:
రేడియోగ్రామ్ మీద చాయ్ గ్లాసు ఎవడు పెడతాడు సార్? మీరు చేసిన ఒక్క సెట్టు ఫొటో పెట్టండి.

మిర్యాలగూడ_సౌండ్:
పెళ్లిళ్లకు డీజే సెట్లు నేనే కడతా. ఫొటోలు చూసి నేర్చుకునే స్టేజీ కాదు మనది.

పాలమూరు_వాల్వు:
డీజే బాక్సుకీ వాల్వుకీ పోలికేంది భయ్?

నల్గొండ_పాతసామాన్లు:
ఇద్దరూ ఆగండి. వెనక మూలలో స్పిరిట్ గుడ్డతో రుద్దు. జిగురైతే లక్క. కాకపోతే థిన్నర్‌తో చూడు, కరిగితే లాకర్. ఏదుంటే అదే వెయ్యాలి. మా సెట్టులో మీడియం వేవ్ 738 మీద హైదరాబాద్ పట్టినప్పుడు మా నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏరియల్‌కు దండెం మీద వైరు చాలు.

కొల్లాపూర్_టెక్నీషియన్:
నెమ్మదికి కారణం ఎవరూ అడగలేదు. మోటారు ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని ఉందా? అమెరికా మాలైతే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 33 చుట్లు కాస్తా 28 అవుతాయి, పుల్లీ మార్చాలి. లేదంటే పళ్లెం తిప్పే రబ్బరు ఐడ్లర్ చక్రం బిగుసుకుపోయింది, బేరింగ్‌లో గ్రీజు గట్టిపడింది. పాత గ్రీజు తీసి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క. రబ్బరుకు మాత్రం నూనె తగలనివ్వొద్దు.

దేవరకొండ_చిన్నోడు:
50 అనే ఉంది. బల్బు పెట్టా, వెలిగి మెల్లగా తగ్గింది. సూది సంగతి మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

కొల్లాపూర్_టెక్నీషియన్:
సూది పక్కన చిన్న మీట ఉందా? ఒకవైపు 78 స్పీడు పాత రికార్డులకు, ఒకవైపు ఎల్పీకి (33 స్పీడు). ఎల్పీ సన్న సూదితో 78 వేస్తే గాడి అడుగున పడి గరగరే. కార్ట్రిడ్జ్ (సూది బిగించే ముక్క) మీద నంబరు చూసి కోఠి గుజరాతీ గల్లీలో అడుగు.

నల్గొండ_పాతసామాన్లు:
రికార్డుల్లో ఘంటసాలవి ఉన్నాయా? అమ్మేదుంటే మెసేజ్ పెట్టు, ముందు నేను అడిగా.