డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: మాగ్మా అందేదాకా ఉక్కు ఆపాలా, కట్టెబొగ్గుతోనే మొదలెట్టాలా?

కోటబురుజు

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అంటే డ్వార్ఫ్‌లతో (మరుగుజ్జులతో) కోట కట్టి కాపాడుకునే కంప్యూటర్ ఆట. ముందు నా కోట స్థలం సంగతి. పైన అవక్షేప శిలల పొరలు. హెమటైట్ (ఇనుప ఖనిజం) బోలెడుంది, సున్నపురాయికి కొదవ లేదు. బిట్యూమినస్ బొగ్గు మాత్రం చిన్న గుంపు ఒక్కటే, ఓ 20 రాళ్లు రావచ్చు. చుట్టూ దట్టమైన అడవి. మాగ్మా (కొలిములకు వేడినిచ్చే కరిగిన శిల) సముద్రం 110 లెవెళ్ల (అంతస్తుల) కింద ఉంది, దారిలో మూడు గుహల పొరలు. జనాభా 60. గోబ్లిన్లు (శత్రు జాతి) పొరుగునే ఉన్నారు, ముట్టడి ఎప్పుడైనా రావచ్చు.

పదిమంది సైనికులకు పూర్తి ఉక్కు కవచం కావాలి. ఇప్పుడే చెట్లు నరికి కట్టెబొగ్గుతో మొదలెట్టాలా? లేక ఓపిక పట్టి మాగ్మా దాకా తవ్వి, అక్కడ ఉక్కు చేసుకోవాలా? స్టీమ్ (ఆటలమ్మే సైటు) వెర్షనే, మోడ్లు (బయటివాళ్లు చేసిన మార్పులు) ఏవీ లేవు.

బొగ్గులకుప్ప

ఇప్పుడే మొదలెట్టండి. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

ఒక్కో సైనికుడికి ఛాతీకవచం 3 బార్లు (లోహపు కడ్డీలు), గొలుసు చొక్కా 2, గ్రీవ్స్ (కాళ్ల కవచం) 2, శిరస్త్రాణం 1, చేతి తొడుగుల జత 1, బూట్ల జత 1, డాలు 1, ఆయుధం 1. మొత్తం 12. పదిమందికి 120 ఉక్కు బార్లు.

హెమటైట్ రాయి ఒకటి కరిగిస్తే 4 ఇనుప బార్లు వస్తాయి. అంటే 30 రాళ్లు, 30 ఫ్యూయల్ (కోక్ అనే కాల్చిన రాతిబొగ్గు గానీ కట్టెబొగ్గు గానీ). అందులో సగం ఇనుము పిగ్ ఐరన్ (ఉక్కుకి ముందు దశ) అవ్వాలి. ఒక్కో పిగ్ ఐరన్ బార్‌కి 1 ఇనుము, 1 ఫ్లక్స్ రాయి (ఇక్కడ సున్నపురాయి), 1 కార్బన్ (అదీ కోక్ లేదా కట్టెబొగ్గే), 1 ఫ్యూయల్ పడతాయి. ఆ తర్వాత 1 ఇనుము, 1 పిగ్ ఐరన్, 1 ఫ్లక్స్, 1 కార్బన్, 1 ఫ్యూయల్ కలిపితే 2 ఉక్కు బార్లు. ఇదీ 60 సార్లు, అదీ 60 సార్లు. 120 సున్నపురాళ్లు, 240 బొగ్గు. కరిగించిన 30 కలిపితే 270.

మీ 20 రాళ్ల బిట్యూమినస్‌లో ఒక్కోదానికి 9 కోక్ వస్తుంది, కాల్చడానికి 1 పోతుంది, నికరం 8. అంటే 160. మిగతా 110 దుంగలు అడవిలోంచి. వుడ్ ఫర్నేస్‌లో దుంగకి ఒక కట్టెబొగ్గు, దానికి వేరే ఫ్యూయల్ అక్కర్లేదు. ఆటలో 2014 తర్వాత చెట్లు పెద్దవయ్యాయి, ఒక్కో చెట్టు నుంచి చాలా దుంగలు వస్తున్నాయి. 110 దుంగలంటే ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లకు పెద్ద పనే కాదు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచినవాళ్లకు మాగ్మా ఉందా ఏంటి? కట్టెబొగ్గే.

లోతుమనిషి

మీ లెక్కల ఒకటి పోయింది. బార్లు అయితే ఏం లాభం, కొలిమిల కొట్టాలె గదా. మామూలు ఫోర్జ్‌ల ఒక్కో పనికి ఒక ఫ్యూయల్. సైనికుడికి 8 వస్తువులు, పదిమందికి 80 పనులు. 270 కాదు, 350. అందుల 160 తీసేస్తే 190 దుంగలు.

మాగ్మా దగ్గర చేస్తే కరిగించడానికి, కొట్టడానికి ఫ్యూయల్ సున్నా. పిగ్ ఐరన్‌కు, ఉక్కుకు కార్బన్ మాత్రమే కావాలె: 60, 60, మొత్తం 120. కోక్ గూడ మాగ్మా స్మెల్టర్‌ (లోహం కరిగించే పనిశాల)లనే కాలుస్తరు కాబట్టి రాయికి 9కి 9 మిగుల్తది. 20 రాళ్లకు 180. ఒక్క చెట్టు నరకకుండ పని అయిపోయి 60 మిగుల్తది. అదే బొగ్గును పైన తగలబెడితే సగం సైన్యానికి గూడ చాలది.

అందుకే చెప్తున్న, ఆ 20 రాళ్లు ఇప్పుడు ముట్టకండి.

నిప్పుకోడి

ఇక్కడ చాలామంది తడబడే మాట ఒకటుంది: మాగ్మా ఉంటే బొగ్గు అక్కర్లేదనుకుంటారు. మాగ్మా తీసేసేది ఫ్యూయల్ ఖర్చునే, కార్బన్‌ని కాదు. కోక్‌గానీ కట్టెబొగ్గుగానీ ఉక్కు బార్‌కి ఒకటి చొప్పున తప్పదు. అగ్నిపర్వతం మీద కోట కట్టినవాళ్లు కూడా చెట్లు లేని, బొగ్గు లేని చోట ఉక్కు చేయలేక ఇనుముతో సరిపెట్టుకుంటారు. లిగ్నైట్ (నాసిరకం బొగ్గు) దొరికినా పనికొస్తుంది, రాయికి 5 కోక్.

అడవి ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. ఎల్ఫుల (అడవి జాతి) రాయబారి వచ్చి చెట్ల కోటా పెట్టి వెళ్లాడంటే, దాన్ని దాటినప్పుడల్లా వాళ్లతో చెడుతుంది.

బొగ్గులకుప్ప

80 ఫోర్జ్ పనుల మాట నిజమే, 350. కానీ లోతుమనిషి గారు కాలం లెక్క చెప్పలేదు. 110 లెవెళ్లు మెట్లు దించాలి, మూడు గుహల్ని మూసుకుంటూ వెళ్లాలి. ఒక్క గుహ తెరుచుకున్నా అందులోంచి ఏమొస్తుందో ఎవరు చెప్పగలరు? ఫర్గాటన్ బీస్ట్ (గుహల్లోని భీకర మృగం) వస్తే, ఉక్కు లేని సైన్యం ఎదుర్కోవాలి. మాగ్మా కోసం ఆగేవాళ్ల కోటలు సాధారణంగా పోయేది గోబ్లిన్ల చేతిలో కాదు, ఆ తవ్వకం దారిలో వచ్చినవాటి చేతిలో.

190 దుంగలు పెద్ద ధరేం కాదు. అడవి మళ్లీ పెరుగుతుంది.

సానరాయి

ఇద్దరూ పదిమందికి పన్నెండేసి బార్లు అని పట్టుకు కూర్చున్నారు. అంత ఒకేసారి ఎందుకు? మొదటి విడతలో ఛాతీకవచం, శిరస్త్రాణం, ఆయుధం ఉక్కుతో చేసి, డాలు చెక్కతో, మిగతాది తోలుతో సరిపెట్టండి. మనిషికి 5 బార్లు, మొత్తం 50. ఖర్చు 100 బొగ్గు, 13 హెమటైట్ రాళ్లకు 13, ఫోర్జ్ పనులు 30. మొత్తం 143. ఇదంతా కట్టెబొగ్గుతోనే లాగించేయొచ్చు. 20 రాళ్ల బిట్యూమినస్ అలాగే ఉంటుంది. గ్రీవ్స్, గొలుసు చొక్కాలు మాగ్మా చేరాక.

ఇంకో దారి: మొత్తం ఇనుముతోనే చేస్తే 30 కరిగించడానికి, 80 కొట్టడానికి, 110 చాలు. తర్వాత కరిగించి ఉక్కు చేసుకుందాం అనుకుంటే మాత్రం వద్దు. కరిగించినప్పుడు చాలా వస్తువులకి పట్టిన బార్లన్నీ తిరిగి రావు, పైగా మామూలు స్మెల్టర్‌లో వస్తువుకో ఫ్యూయల్ పడుతుంది. రాగి, తగరం ఉంటే కంచు కూడా ఇనుముకి దరిదాపుల్లోనే ఉంటుంది, ఈ స్థలంలో వాటి మాట చెప్పలేదు కాబట్టి వదిలేద్దాం.

కోటబురుజు

సానరాయి గారి లెక్క బాగుంది. కానీ మాగ్మా దగ్గరికి ఎలాగూ వెళ్లాల్సిందే కదా. మరి కొలిములు కిందికి దించాలా, మాగ్మాని పైకి తేవాలా?

లోతుమనిషి

కిందికి దించండి. మాగ్మా పైకి తెచ్చే పంపుల సంగతి చెప్త, మీరే వద్దంటరు. లెవెల్‌కు ఒక స్క్రూ పంప్, అంటే 110 పంపులు. పంప్‌కు బ్లాక్, కార్క్‌స్క్రూ, గొట్టం, మూడూ మాగ్మాకు తట్టుకునేవే కావాలె. ఇనుముతో చేస్తే మీ కవచాల ఇనుము గోవిందా. గాజుతో చేయొచ్చు, గ్రీన్ గ్లాస్ మాగ్మాకు కరగది, కానీ పంప్‌కు మూడు సంచుల ఇసుక, మొత్తం 330. పైన మామూలు గ్లాస్ ఫర్నేస్‌ల చేస్తే ఒక్కో ముక్కకు ఒక ఫ్యూయల్ పోతది. అంటే ఉక్కుకు పట్టే బొగ్గు దాంట్లనే పాయె.

పవర్ పంప్‌కు 10. 110 పంపులకు 1100. వాటర్ వీల్ ఇచ్చేది 100, తనే 10 తింటది, నికరం 90. పదమూడు వీల్స్ కావాలె. పంపులు ఒకదాని మీద ఒకటి సరిగ్గ పేర్చితే పవర్ వాటిల్నుంచే దిగుతది, గేర్ల బాధ లేదు. అంతవరకు బాగుంటది. కానీ ఆ గొట్టంల మాగ్మా కదులుతున్నంతసేపు ఎఫ్‌పీఎస్ (ఆట నడిచే వేగం) పడిపోతది.

కింద చేసేటప్పుడు జాగ్రత్తలు రెండే. మాగ్మా స్మెల్టర్ 3×3 గడుల పనిశాల. నడి గడి కాకుండ అంచు గడి ఏదన్న ఒకటి మాగ్మా మీద ఉండాలె, ఆ మాగ్మా లోతు కనీసం 4/7 (నిండు గడి అంటే 7/7). మాగ్మా సముద్రం పైన గది తవ్వి, ఒక్క గడి చానెల్ చేయండి (నేలకు కంత కొట్టండి). ఆ కంత పనిశాలల డ్వార్ఫ్ నడవలేని గడి కిందనే వచ్చేటట్టు పెట్టండి. లేకుంటే మాగ్మాల్నుంచి ఫైర్ ఇంప్‌లు, మాగ్మా పీతలు ఎక్కి వస్తయి. కంత ముందు తవ్వి, కట్టడం రేపనుకుని వదిలేస్తే గట్లనే ప్రాణాలు పోతయి.

రెండోది, పనివాళ్లను పైకి కిందికి తిప్పొద్దు. కొలిమి పక్కనే పడకలు, భోజనాల బల్లలు, సారా నిల్వ పెట్టాలె. లేకుంటే 110 లెవెళ్లు ఎక్కి తాగి దిగేసరికి సగం రోజులు మెట్ల మీదనే పోతయి.

నిప్పుకోడి

పైకి తేవాలనుకుంటే పంపులే గతి కాదు. మైన్‌కార్ట్ (పట్టాల మీది బండి) ఉంది. ఇనుప కార్ట్‌లో మాగ్మా నింపి, ట్రాక్ స్టాప్ దగ్గర ఒలకబోస్తే గడిలో 2/7 వస్తుంది. ఒక గడి గుంటకి రెండు కార్ట్‌లు పోస్తే 4/7, నాలుగు పోస్తే నిండుతుంది. పనిశాలలు మాగ్మాని ఖర్చు చేయవు. ఒకసారి పోస్తే చాలు. నాలుగు స్మెల్టర్లు, రెండు ఫోర్జ్‌లకి ఎనిమిదేసి గడులు ఎందుకు, ఒక్కో దాని కింద ఒక గుంట చాలు.

పల్చగా పరుచుకునేలా వెడల్పు గుంటలో పోస్తే మాత్రం 1/7కి పడి ఆరిపోతుంది. గుంట ఒక్క గడే ఉండాలి.

బొగ్గులకుప్ప

కింద చేస్తే ముడి సరుకు దించడం గురించి ఎవరూ మాట్లాడలేదు. హెమటైట్, సున్నపురాయి, బొగ్గు అన్నీ పై పొరల్లో ఉన్నాయి. పూర్తి సెట్లకు 30 హెమటైట్, 120 సున్నపురాయి, 14 బొగ్గు రాళ్లు. 164 బరువైన రాళ్లు 110 లెవెళ్లు మోయాలి. నిలువు గొయ్యి తవ్వి, పైన అంచున డంప్ జోన్ (పారేసే చోటు) పెట్టి పడేయొచ్చు. కానీ పడిన రాయి కింద నడిచే డ్వార్ఫ్‌ని చంపుతుంది, కాబట్టి గొయ్యి అడుగుకి తలుపు పెట్టి, పడేస్తున్నంతసేపు తాళం వేయాలి. డంప్ చేసిన ప్రతి రాయికీ నిషేధం గుర్తు పడుతుంది. కింద క్లెయిమ్ చేయకపోతే (ఆ గుర్తు తీసేయకపోతే) స్మెల్టర్ "ఫ్లక్స్ లేదు" అని పని రద్దు చేస్తూనే ఉంటుంది, గొయ్యి నిండా సున్నపురాయి కనబడుతూనే ఉంటుంది.

కోటబురుజు

అంత కిందికి వెళ్తే ఆడమంటైన్ (ఆటలోని అరుదైన కల్పిత లోహం) కూడా తగులుతుంది కదా. అప్పుడు ఈ ఉక్కు గొడవే అక్కర్లేదా?

సానరాయి

అక్కర్లేదనుకుంటే దెబ్బతింటారు. ఆడమంటైన్ రాయి ఒకటికి తీగ ఒకటే, తీగకి పలక ఒకటే. ఇనుములా నాలుగు రావు. మామూలు లోహంతో ఛాతీకవచానికి 3 బార్లు, ఆడమంటైన్‌కి 9 పలకలు. గొలుసు చొక్కా 6, గ్రీవ్స్ 6, శిరస్త్రాణం 2. ఈ నాలుగింటికే 23 పలకలు, ఉక్కుతో అయితే 8 బార్లు. తీగ తీసే పని క్రాఫ్ట్స్ షాపులో చాలా నెమ్మదిగా సాగుతుంది, నైపుణ్యం లేనివాడికి అప్పగిస్తే మరీను. ఒకరిద్దరిని దానికే కేటాయించి, వేరే పని ముట్టుకోనివ్వకండి.

పైగా తేలిక. ఉక్కు సాంద్రత 7850, దీనిది 200. కత్తి, గొడ్డలికి దీన్ని మించింది లేదు. సుత్తికి మాత్రం దూదితో కొట్టినట్టే, దానికి ఉక్కో వెండో వాడండి. విలువ ఉక్కుకి పది రెట్లు, కోట సంపద ఎగబాకితే దాడులూ పెరుగుతాయి. ఆడమంటైన్ దొరికే స్తంభం లోపల బోలుగా ఉంటుంది, అది చిల్లు పడిందంటే కింది నరకంలోని రాక్షసులు పైకి వస్తారు. పై భాగం నుంచి కొద్దికొద్దిగా గీసుకోండి, కత్తుల వరకు చాలు.

లోతుమనిషి

దీంట్ల సానరాయి అన్న మాటే నా మాట. ముందు ఉక్కే.

బొగ్గులకుప్ప

ఏ దారిలో వెళ్లినా వర్క్ ఆర్డర్ల (పనుల ఆదేశాల) దగ్గరే పని ఆగిపోతుంది. పిగ్ ఐరన్‌ని షరతు లేకుండా రిపీట్‌లో పెడితే ఉన్న ఇనుమంతా పిగ్ ఐరన్ అయిపోతుంది, ఉక్కుకి కావాల్సిన రెండో సగం మిగలదు. పిగ్ ఐరన్ 10 కంటే తక్కువ ఉన్నప్పుడు, ఇనుప బార్లు కనీసం 20 ఉన్నప్పుడే అది నడిచేలా రెండు షరతులు పెట్టండి. ఉక్కు ఆర్డర్‌కి పిగ్ ఐరన్ కనీసం 1, ఇనుము కనీసం 1, బొగ్గు కనీసం 2.

స్మెల్టర్ పక్కన బార్ల నిల్వలో బిన్లు (పెట్టెలు) సున్నా చేయండి. బిన్ పట్టుకుని ఒకడు బార్లు ఏరడానికి వెళ్లాడంటే, వాడు తిరిగొచ్చేదాకా అందులోని బొగ్గు ఎవరికీ దొరకదు, పనులన్నీ రద్దవుతాయి. రాళ్ల నిల్వకి వీల్‌బారో (ఒంటిచక్రం బండి) ఇస్తే మోత వేగం పెరుగుతుంది, కానీ ఒక్కటే ఇస్తే ఒక్కడే మోస్తాడు. రెండు మూడు ఇవ్వండి. ఫ్లక్స్ రాళ్లని రాళ్ల వాడకం జాబితాలో తాపీపనికి అనుమతించకండి. సున్నపురాయి బ్లాక్ అయ్యాక ఫ్లక్స్‌గా పనికిరాదు.

నిప్పుకోడి

ఇంకొకటి. పైన మామూలు స్మెల్టర్ వాడుతున్నంతకాలం బొగ్గు నిల్వని సున్నాకి పోనివ్వకండి. బిట్యూమినస్ కాల్చడానికి కూడా 1 ఫ్యూయల్ కావాలి. నిల్వ ఖాళీ అయితే పక్కన వంద రాళ్లున్నా ఒక్క కోక్ రాదు. అప్పుడు వుడ్ ఫర్నేస్‌లో ఒక్క దుంగ కాల్చండి, ఆ ఒక్క కట్టెబొగ్గుతో మొదటి రాయి కాల్చితే 9 వస్తాయి, బండి మళ్లీ కదులుతుంది.