ఫుట్‌బాల్ క్లబ్బు యాజమాన్యం మీద నిరసన: స్టాండ్లో ఏది పనిచేస్తుంది, ఏది బెడిసికొడుతుంది?

బరంపురం నార్త్ స్టాండ్:

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం కలిపి అరవై మంది దాకా అభిమానులం ఉన్నాం. రైల్లో వెళ్లి మ్యాచ్ చూసి రాత్రి బండికి తిరిగొచ్చే బాపతు. అడుగుతున్నది పద్ధతి గురించి కాబట్టి క్లబ్బు పేరుతో పని లేదు. తగువు మూడింటి మీద: సీజన్ పాసు ధర పెంచారు, కుర్రాళ్ల జట్టు ఆపేశారు, వచ్చే సీజన్‌కి మైదానం మారుస్తారట కదా అంటే అవుననరు, కాదనరు. ఈమెయిళ్లకు జవాబు లేదు.

గుంపులో తలో మాట. మ్యాచ్‌కే పోవద్దని కొందరు, ఆట మధ్యలో లేచి వచ్చేద్దామని కొందరు, జర్మనీ వాళ్లలాగా బంతులు విసురుదామని ఇద్దరు. మైదానంలోకి దూకుదామనే మొనగాడు కూడా ఒకడున్నాడు. ఇంత చిన్న గుంపు ఏటి చేస్తే కనబడుతుంది, ఏది చేస్తే మనకే తగులుతుంది? బ్యానర్ కొలతలు, పోలీసుల పర్మిషన్ సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పర్లాకిమిడి రైట్ బ్యాక్:

ముందు ఆ మూడు డిమాండ్లలో రెండు తీసేయండి. ఒక్కటే ఉండాలి, అదీ యజమాని ఒక్క సంతకంతో తీర్చగలిగేది అయి ఉండాలి.

లివర్‌పూల్ చూడండి. కొత్త మెయిన్ స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్, 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది, చివరికి 2-2. నాలుగు రోజుల్లో యాజమాన్యం వెనక్కి తగ్గి, పాత గరిష్ఠ ధర 59 పౌండ్లకే ఉంచింది. ధర ఎంతో నిమిషం అంతే కాబట్టి పేపరువాడికి విడమర్చి చెప్పే పని కూడా లేకపోయింది.

మన దేశంలో మోహన్ బగాన్ వాళ్లదీ అదే తీరు. 2020లో ఏటీకే అనే క్లబ్బుతో విలీనమయ్యాక పేరు ముందు చేరిన ఆ ‘ఏటీకే’ తీసేయమన్నదే వాళ్ల గొడవ. టైమ్ పట్టింది గానీ 2023 మార్చి 18న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ గెలిచిన రాత్రే యజమాని పేరు మారుస్తున్నట్టు ప్రకటించాడు.

ఇప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ వైపు రండి. 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బు కొన్నప్పటి నుంచి నిరసనే. 2010లో క్లబ్బు పాత పేరు న్యూటన్ హీత్ రంగులైన ఆకుపచ్చ, పసుపు కండువాలతో స్టేడియం నిండిపోయింది. 2021 మే 2న జనం ఆ క్లబ్బు స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ లోపలికి చొరబడితే లివర్‌పూల్‌తో మ్యాచే వాయిదా పడింది. 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ పావు వంతు పైచిలుకు వాటా కొన్నాడు గానీ ఓట్లలో మెజారిటీ ఇంకా గ్లేజర్లదే. ‘నువ్వు పో’ అన్నది డిమాండ్ కాదు గురూ, అది కోపం. దానికి జవాబు ఎవడైనా కొనేవాడు తేవాలి, మన చేతిలో లేదు.

మీకైతే ‘వచ్చే సీజన్ సొంత మైదానం ఏదో ఫలానా తేదీలోగా రాసి ఇవ్వండి’ అన్నది చాలు. దానికి వాళ్లకు పైసా ఖర్చు లేదు, కాబట్టి ఇవ్వకపోతే తప్పు అందరికీ కనిపిస్తుంది.

లేచి రావడం అరవై మందికి పనికిరాదు. దూరప్రాంతం వాళ్లు రైలు కోసం పోతున్నారనుకుంటారు! మీకు నప్పేది మౌనం. 2012లో జర్మనీలో భద్రతా నిబంధనల మీద అలిగి స్టాండ్లన్నీ 12 నిమిషాల 12 సెకన్లు నోరు మెదపలేదు. డిసెంబర్ 12న ఓటింగ్ కాబట్టి ఆ లెక్క. పాటలు, డప్పులు మొదలుపెట్టేది మీ గుంపే అయితే మీరు ఆపితే పక్క బ్లాకులు కూడా చల్లబడతాయి, ఆ తేడా టీవీలో వినపడుతుంది. పదమూడో నిమిషంలో ఒక్కసారిగా డప్పు అందుకోవాలి, లేకపోతే మౌనం ఎవరి లెక్కలోకీ రాదు. ఆ మధ్యలో గోల్ పడితే ఏం చేయాలో ముందే అనుకోండి. సగం మంది అరిచి సగం మంది ఊరుకుంటే నవ్వులపాలే.

రాయగడ కార్నర్ ఫ్లాగ్:

నిరసన ఎక్కడ తగలాలో తెలియాలంటే ముందు క్లబ్బు కాగితాలు చూడాలి. ఈ పని ఎవరూ చేయరు, అందరికీ బ్యానర్ మీదే మోజు.

క్లబ్బు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో లాగిన్ అయి, కంపెనీ పేరుతో వెతికి, 100 రూపాయలు కడితే దాఖలు చేసిన పత్రాలన్నీ చూడొచ్చు. డబ్బు కట్టాక తెరిచి ఉంచే సమయం కొద్ది గంటలే, కాబట్టి నింపాదిగా చదువుదామనుకోకుండా ముందు అన్నీ డౌన్‌లోడ్ చేసేయండి. చూడాల్సినవి మూడు. ఏఓసీ-4 అనే ఫారంలో బ్యాలెన్స్ షీటు, లాభనష్టాలు. ఎంజీటీ-7 ఫారంలో వాటాదారులు. ఛార్జీల జాబితాలో ఏ ఆస్తి మీద ఏ బ్యాంకు అప్పుంది అన్నది. సర్వసభ్య సమావేశం సెప్టెంబర్ 30లోగా జరగాలి, లెక్కలు ఆ తర్వాత 30 రోజుల్లో వేయాలి. అంటే కొత్త లెక్కల కోసం నవంబర్‌లో చూడండి. వరుసగా రెండేళ్లు ఏమీ దాఖలు చేయలేదంటే అదే మీ మొదటి ప్రశ్న.

క్లబ్బు సొసైటీ అయితే 1860 నాటి సొసైటీల చట్టం సెక్షన్ 19 కింద రిజిస్ట్రార్ దగ్గరున్న పత్రాలను ఎవరైనా చూడొచ్చు. చట్టంలో రాసిన రుసుము ఒక్కో తనిఖీకి ఒక్క రూపాయి! అప్పుడు ఇంకో దారి కూడా ఉంది: సభ్యత్వం తీసుకుని ఓటుతో కొట్టడం. ఎవరికి సభ్యత్వం ఇస్తారో బైలాస్‌లో చదవండి.

ఇక బాయ్‌కాట్ సంగతి. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ క్లబ్బు అభిమానులు యజమానులైన ఓయ్‌స్టన్ కుటుంబం మీద ‘ఇక ఒక్క పైసా ఇవ్వం’ అని నాలుగేళ్లు సొంత మైదానం గడప తొక్కలేదు. చివరికి యజమానిని దించింది మాత్రం కోర్టు. వాటాదారు బెలోకోన్ వేసిన కేసులో 2017 నవంబర్‌లో 3 కోట్ల 10 లక్షల పౌండ్ల పైచిలుకు కట్టమని తీర్పు వచ్చింది. పూర్తిగా కట్టలేక 2019 ఫిబ్రవరిలో క్లబ్బు కోర్టు నియమించిన రిసీవర్ చేతికి పోయింది. మార్చి 9న సౌతెండ్‌తో మ్యాచ్‌కి 15 వేలకు పైగా జనం తిరిగొచ్చారు. బాయ్‌కాట్ చేసిన మేలు ఏటంటే, ఆ నాలుగేళ్లూ జనాన్ని ఒక తాటి మీద ఉంచింది.

మన దగ్గర చాలా క్లబ్బులకు గేటు డబ్బు లెక్కలోది కాదు. స్పాన్సర్లూ యజమాని జేబే నడిపిస్తాయి. అరవై టికెట్లు కొనకపోతే వాళ్లకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గేటు నిండే కొచ్చి లాంటి చోట వేరే కథ. అక్కడ కేరళ బ్లాస్టర్స్ అభిమానుల మంజప్పడ గుంపు 2024-25 సీజన్ మధ్యలో టికెట్లు తీసుకోం, అమ్మం అంటే అది దేశమంతా వార్తయింది. మీరు మాత్రం జెర్సీ మీద పేరున్న స్పాన్సర్‌కి మర్యాదగా ఉత్తరం రాయండి. ఒక్క పేజీ, ఒక్క డిమాండ్, అరవై సంతకాలు. బెదిరింపు మాట ఒక్కటీ ఉండకూడదు.

సిరొంచ స్టాపర్:

బ్యానర్ సంగతి నేను చెప్త అన్నా. మాది గడ్చిరోలి దిక్కు, ప్రాణహిత దాటితే తెలంగాణ. అందుకే హైదరాబాద్ ఎఫ్‌సీ మాకు ఇంటి జట్టు లెక్క ఉండె. మైదానం మార్చుడు అనేది ఉత్త పుకారని కొట్టిపారేయొద్దు. 2019ల పుణె జట్టు పోయి హైదరాబాద్ వచ్చింది, అదే ఏడు ఢిల్లీ డైనమోస్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. 2021-22ల ఐఎస్ఎల్ కప్పు కొట్టిన హైదరాబాద్ 2025ల ఢిల్లీకే పోయి స్పోర్టింగ్ క్లబ్ అని పేరు పెట్టుకుంది. ఒక ఊరి ఏడుపు మీద ఇంకో ఊరికి జట్టు దొరుకుతది మన దేశంల. పోయినంక ఏడిస్తే ఎవ్వడూ వినడు, ముందే అడగాలె.

ఇగ కొలతలు. బోర్డులు రాసేటోళ్ల లెక్క ఏందంటే, పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. మైదానం వెడల్పు 68 మీటర్లు. గచ్చిబౌలి, కళింగ లాంటి రన్నింగ్ ట్రాక్ ఉన్న స్టేడియంల అటు స్టాండ్ నుంచి ఇటు స్టాండ్‌కు 110 మీటర్లు వేసుకో, అంటే 360 అడుగులు. అక్షరం 36 అంగుళాలు, మూడడుగులు ఉండాలె. గీత మందం ఏడు అంగుళాలకు తగ్గొద్దు.

తెలుగుల రాస్తే ఒత్తులు తినేస్తయి. మూడడుగుల అక్షరం కింద ఒత్తు వస్తే ఇంకో అడుగున్నర గుడ్డ కావాలె, లేకుంటే అక్షరమే చిన్నగ అయితది. అందుకే ఒత్తు లేని మాట ఎంచుకోవాలె. ‘జవాబు ఏది?’ అని రాయి. ఐదు అక్షరాలు, ఒక ప్రశ్న గుర్తు. ఒక్కోటి మూడడుగులు, సందు అరడుగు, అటిటు అంచు కలిపితే 24 అడుగులు. 36 అంగుళాల పన్నా కోరా గుడ్డ 15 మీటర్లు తీసుకుని రెండు పట్టీలు చేసి నిలువున కలిపి కుట్టిస్తే ఆరడుగుల ఎత్తు వస్తది. ఒడియాల ఇంకోటి రాయించుండ్రి, ఎందుకంటే స్టాండ్ల ఉన్నోళ్లు చదివేది అదే.

ఫ్లెక్సీ కొట్టించొద్దు. గజాన బరువు గుడ్డకు రెండింతలు ఉంటది, మడత పెడితే గీతలు పడతయి, ఫ్లడ్‌లైట్ కింద మెరిసి కెమెరాకు తెల్లగ కొడతది. గుడ్డ మీద నీళ్లల్ల కలిసే నల్ల ఎమల్షన్ ఒక లీటరు చాలు. నాలుగో వంతు కన్నా ఎక్కువ నీళ్లు పోస్తే రంగు ఊరి అక్షరం అంచు చెదురుతది. ఎనామిల్ వాడితే మడతల కాడ పగులుతది, వాసన, పైకెళ్లి అగ్గి అంటుకునే గుణం. కింద పాత పేపర్లు పరిచి, ఒక రాత్రంతా ఆరనియ్యాలె. ఆరకముందు మడిస్తే అంటుకొని పోతది, విప్పితే సగం రంగు అవతలి మడతకు వస్తది. పై అంచు మడిచి కుట్టి అందుల తాడు తోయించి, మూడడుగులకొక మనిషి పట్టుకోవాలె. అంటే తొమ్మిది మంది. వెదురు బొంగులు గేటు కాన్నే గుంజుకుంటరు.

చూపెట్టే జాగ ముఖ్యం. పెద్ద కెమెరా మామూలుగ మెయిన్ స్టాండ్ మీద నడిమి గీత కాడ ఉంటది. దానికి ఎదురు స్టాండే టీవీల కనపడేది, కెమెరా కిందికెళ్లి పట్టుకుంటే బ్రహ్మకు గూడ కనపడదు. అడ్వర్టైజ్‌మెంట్ బోర్డుల మీద వేలాడదీస్తే నిమిషంల తీసేస్తరు, మెట్ల దారికి అడ్డం పెట్టినా అంతే. కార్నర్ అప్పుడో, ఆటగాడు పడిపోయి ఆట ఆగినప్పుడో ఎత్తుండ్రి. ఆట నడుస్తుంటే కెమెరా బంతి మీదనే ఉంటది.

బరంపురం నార్త్ స్టాండ్:

సిరొంచ అన్నా, చాలా థాంక్స్. మరి బంతుల సంగతి? రంగు పొగ కూడా అంటున్నారు మావాళ్లు.

పర్లాకిమిడి రైట్ బ్యాక్:

రెండూ వద్దు. జర్మనీలో టెన్నిస్ బంతులు పనిచేశాయన్నది నిజమే. మీడియా హక్కుల్లో 8 శాతం 20 ఏళ్లకు పెట్టుబడిదారుకి ఇవ్వాలని 2023 డిసెంబర్ 11న 36 క్లబ్బుల్లో 24 ఓటేశాయి. సరిగ్గా మూడింట రెండు వంతులు, ఒక్క ఓటు తగ్గినా పోయేది. వారాల తరబడి బంతులు పడి మ్యాచ్‌లు ఆగాక 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నమే మానుకుంది. కానీ అక్కడ అవునని ఓటేయని క్లబ్బులూ, క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలనే 50+1 నియమమూ అభిమానుల వెనక ఉన్నాయి. మనకి ఆ వెన్ను లేదు. ఇక్కడ ఏ వస్తువు పడినా, పొగ లేచినా జరిమానా పడేది క్లబ్బుకే. మర్నాడు యాజమాన్యం ‘మా అభిమానులే మాకు నష్టం తెచ్చారు’ అంటుంది, మీ ప్రశ్న మూలన పడుతుంది. దూకుదామన్న మీ మొనగాడికి డప్పు ఇచ్చి కూర్చోబెట్టండి.

గుణుపురం లైన్స్‌మన్:

పర్మిషన్ గురించి. స్టేడియం లోపల బ్యానర్‌కి క్లబ్బు భద్రతాధికారి అనుమతి, బయట గుమిగూడితే పోలీసులది. రెండూ వేర్వేరు కాగితాలు, చాలామంది ఒకదాన్ని చూపించి రెండోదానికి దొరికిపోతారు.

బయట నిలబడాలంటే స్టేడియం ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ కనీసం వారం ముందు దరఖాస్తు ఇవ్వండి. తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, నిలబడే చోటు, ఎంతమంది, బాధ్యులుగా ఇద్దరి పేర్లు, ఫోన్లు. నకలు మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోవద్దు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 163 కింద, అంటే పాత 144 కింద, ఆ రోజుకి నిషేధాజ్ఞ ఉందేమో ముందు రోజు కనుక్కోండి. ఉంటే ఆ రోజు మానేయడమే. మైకు వాడితే వేరుగా రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 దాటాక ఎలాగూ కుదరదు.

బ్యానర్ మీద, కరపత్రంలో ‘దొంగ’, ‘మోసగాడు’ లాంటి మాటలు రాయొద్దు. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ సెక్షన్ 356 కింద అది పరువు నష్టం, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ‘జవాబు ఏది?’కి ఎవడూ కేసు పెట్టలేడు. రాయగడ ఆయన చెప్పిన లెక్కల్లోంచి అంకె వాడితే పత్రం పేరు, సంవత్సరం కూడా రాయండి.

ఇంకో జాగ్రత్త. యాజమాన్యం వైపు మాట్లాడే అభిమానులు కూడా ఉంటారు. 2021 జులై 21న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ముందు, పెట్టుబడిదారు ఒప్పందం మీద రెండు వర్గాలు ఒకే రోజు ఒకే చోటికి వచ్చాయి, లాఠీఛార్జి దాకా పోయింది. అవతలి గుంపు ఆ రోజు ఏ గేటు దగ్గర ఉంటుందో కనుక్కుని మీరు వేరే గేటు రాయండి దరఖాస్తులో. అరవై మందికి ఆరుగురు చూసుకునేవాళ్లు, వాళ్ల చేతికి ఒకే రంగు గుడ్డ పట్టీ. పోలీసులతో మాట్లాడేది ఒక్కరే, అదీ ఒడియా ధారాళంగా వచ్చినవాళ్లు.

బరంపురం నార్త్ స్టాండ్:

‘జవాబు ఏది?’ ఖాయం చేశాం. మౌనం పన్నెండు నిమిషాలు. భద్రతాధికారి అనుమతి ఇవ్వకపోతే బ్యానర్ ఏటి చేయాలి?

గుణుపురం లైన్స్‌మన్:

దాచి లోపలికి తీసుకెళ్లొద్దు, టికెట్ రద్దు చేసి బయటికి పంపేస్తారు. అనుమతి అడిగిన ఈమెయిల్, వాళ్ల తిరస్కారం ప్రింటు తీసి, బ్యానర్‌ని గేటు బయట మీరు దరఖాస్తులో రాసిన చోటే పరిచి ఫొటో తీయండి. రెండూ కలిపి విలేకరులకు పంపండి. లోపల మౌనానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సిరొంచ స్టాపర్:

ఫొటో పొద్దు గూకకముందే తియ్యుండ్రి. ఫోన్ ఫ్లాష్‌ల కోరా గుడ్డ పసుపుగ వస్తది.