విలీనం తర్వాత సీనియారిటీ జాబితా: మీ నంబరు ఎక్కడ పడింది?

కుడిసీటు
రెండు కంపెనీల పైలట్లను కలిపిన ముసాయిదా జాబితా మొన్న వచ్చింది. నేను చిన్న కంపెనీ వైపు ఫస్ట్ ఆఫీసర్ని, అంటే కుడి సీటులో కూర్చునే కో-పైలట్ని. నాకన్నా వెనక చేరినవాళ్లు చాలామంది నా పైన ఉన్నారు. ఎందుకా అని చూస్తే, పెద్ద కంపెనీవాళ్లకు క్లాసులో చేరిన రోజు నుంచి సీనియారిటీ మొదలవుతుంది, మాకు మాత్రం లైన్ రిలీజ్ (శిక్షణంతా ముగిసి మామూలు సర్వీసులు నడపడానికి అనుమతి) అయిన రోజు నుంచి. ఆ రెండు తేదీలనూ ఒకే వరుసలో పెట్టి నంబర్లు వేసేశారు. అభ్యంతరాలకు శుక్రవారం వరకే గడువు. మూడు సంగతులు చెప్పండి. మీ దగ్గర ఏ ప్రాతిపదికన కలిపారు? అభ్యంతరం రాస్తే నంబరు మారినవాళ్లు ఉన్నారా, ఏ కాగితాలు జతచేశారు? మా విమానాల మీద కమాండ్ (కెప్టెన్ హోదా) కొన్నేళ్లపాటు మాకే దక్కేలా రక్షణ నిబంధన పెడతామంటున్నారు, దాన్ని నమ్మవచ్చా?

తూర్పుగాలి
చేరిన తేదీ తప్ప మరో న్యాయం లేదు. మా విలీనంలో నా పేరు కమాండ్ శిక్షణకు వచ్చింది, సిమ్యులేటర్ తేదీలు కూడా ఇచ్చారు. కొత్త జాబితా రాగానే రద్దు చేశారు. ఈ రోజుకీ కుడివైపే కూర్చుంటున్నాను. బయటివాళ్లు దీన్ని జీతం తగాదా అనుకుంటారు. ఏ బేస్‌లో ఉంటాం, ఏ విమానం నడుపుతాం, పిల్లల సెలవుల్లో ఇంట్లో ఉంటామా, ఉద్యోగాలు తీసేసే రోజు వస్తే ముందు ఎవరు బయటికి వెళతారు, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. పోనీ మానేసి మరో కంపెనీకి వెళదామంటే అక్కడ మళ్లీ అట్టడుగు నుంచి మొదలు. ఇన్నేళ్ల సర్వీసును ఒక్క కాగితంతో కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

నాలుగుచారలు
తూర్పుగాలి గారూ, మీ బాధ అర్థమవుతోంది, వాదన మాత్రం ఒప్పుకోలేను. మేం లాభాల్లో ఉన్న కంపెనీ. మాలో ఏళ్లు తక్కువే, కానీ కొత్త విమానాలు వస్తున్నాయి, నాలుగైదేళ్లకే కమాండ్ దక్కుతోంది. అవతలి కంపెనీ మూతపడే స్థితిలో ఉంది, వాళ్ల కో-పైలట్లు పదిహేనేళ్లుగా కో-పైలట్లే. చేరిన తేదీ ప్రకారం కలిపితే వాళ్లంతా ఒకేసారి మా పైకి వచ్చి, మేం తెచ్చిన విమానాల ఎడమ సీట్లు, అంటే కెప్టెన్ సీట్లు, తీసుకుంటారు. విలీనం జరగకపోతే వాళ్లకు ఉద్యోగమే ఉండేది కాదు. ఆ సంగతి ఎందుకు లెక్కలోకి రాకూడదు?

జాబితాకమిటీ
విలీన కమిటీలో కూర్చుని ఈ పని స్వయంగా చేసినవాణ్ణి, కాబట్టి తెలిసి చెబుతున్నాను. పద్ధతులు మూడే. ఒకటి, చేరిన తేదీ. రెండు, లే-ఆఫ్‌లో (పని లేదని కంపెనీ పక్కన పెట్టినప్పుడు) ఉన్న కాలం తీసేసి మిగిలిన సర్వీసు. మూడు, హోదా, విమాన తరగతి వారీగా నిష్పత్తి. మూడోది ఎలాగంటే, ఒక కంపెనీలో వైడ్‌బాడీ (రెండు నడవలున్న పెద్ద విమానం) కెప్టెన్లు 600, రెండోదానిలో 200 అనుకోండి. మొదటిదాని నుంచి ముగ్గురు, రెండోదాని నుంచి ఒకరు, మళ్లీ ముగ్గురు, మళ్లీ ఒకరు, ఇలా కిందిదాకా అల్లుకుంటూ పోతారు. తర్వాత చిన్న విమానాల కెప్టెన్లు, ఆ తర్వాత కో-పైలట్లు. ఇందులో చేరిన ఏడాదికి విలువే లేదు, విలీనం నాటికి ఏ సీటులో ఉన్నారన్నదే లెక్క. మధ్యవర్తులు చాలావరకు రెండు మూడు పద్ధతులను కలిపి వాడతారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: విలీనం లేకపోతే ఈ పైలట్ భవిష్యత్తు ఎలా ఉండేది? దానికి జవాబు లేకుండా న్యాయం, అన్యాయం అని ఎంత రాసినా ఎవరూ చదవరు.

తూర్పుగాలి
ఆ ప్రశ్న వల్లే కదా యూఎస్ ఎయిర్‌వేస్ కథ అలా అయింది! 2005లో అమెరికా వెస్ట్‌తో విలీనం. 2007 మేలో మధ్యవర్తి జార్జ్ నికొలావు ఇచ్చిన జాబితాలో పైన అయిదు వందల చిల్లర మంది యూఎస్ ఎయిర్‌వేస్ వైడ్‌బాడీ పైలట్లను కూర్చోబెట్టి, కింద నిష్పత్తి కట్టారు. లే-ఆఫ్‌లో ఉన్నవాళ్లందరినీ అడుక్కి నెట్టారు. పదహారేళ్ల సర్వీసున్న మనిషి, విలీనానికి కాస్త ముందు చేరిన కుర్రవాడి పక్కన పడ్డాడు. రెండు వైపులవాళ్లూ ఒకే యూనియన్ సభ్యులు. తూర్పువాళ్లు, అంటే పాత యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు, ఆ యూనియన్‌నే కాదని 2008లో సొంత యూనియన్ పెట్టుకున్నారు. తప్పా?

నాలుగుచారలు
తప్పే. తీర్పుకు కట్టుబడతామని ముందే ఒప్పుకుని మధ్యవర్తి దగ్గరికి వెళ్లారు. తీర్పు నచ్చలేదని సంఖ్యాబలంతో కొత్త యూనియన్ పెట్టి చేరిన తేదీ జాబితా ముందుకు తెచ్చారు. ఫలితం ఏమైంది? ఏళ్ల తరబడి రెండు పక్షాలూ వేర్వేరు ఒప్పందాల కింద, వేర్వేరుగా ఎగిరారు. పడమటి (అమెరికా వెస్ట్) పైలట్లకు న్యాయంగా ప్రాతినిధ్యం వహించలేదని ఆ కొత్త యూనియన్‌నే 2015లో అప్పీలు కోర్టు తప్పుబట్టింది. అందరికీ కలిపి ఒక్క జాబితా రావడానికి 2016 పట్టింది, అదీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో మరో విలీనం జరిగాక.

పాతరోస్టర్
అమెరికా సంగతులు తర్వాత చూద్దాం. కుడిసీటు గారు అడిగిన లైన్ రిలీజ్ తేదీ గురించి ఎవరూ మాట్లాడరేం? నా జీవితాన్ని దెబ్బతీసింది అదే. మా బ్యాచ్ అంతా ఒకే రోజు చేరాం, ఒకే టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేశాం. ఆ తర్వాత లైన్ ట్రైనింగ్‌కు ఇన్‌స్ట్రక్టర్లు చాలలేదు. కొందరికి వెంటనే దొరికారు, మాలో కొందరం నెలల తరబడి యూనిఫాం ఇస్త్రీ చేసుకుని ఫోన్ కోసం ఎదురుచూశాం. ఆ ఆలస్యం కంపెనీది. నంబరు పోయింది మాది. విలీనంలో దాన్నే శాశ్వతం చేశారు.

నాలుగుచారలు
ఒక్క మాట. రిలీజ్ తేదీ పెట్టడానికి కారణం ఉంది. చెక్‌లో, అంటే నడిపే పరీక్షలో, తప్పి, మళ్లీ శిక్షణ తీసుకుని, మళ్లీ చెక్‌కు వెళ్లినవాణ్ణీ, మొదటిసారే పూర్తిచేసినవాణ్ణీ ఒకే చోట ఎలా ఉంచుతారు? లైన్ మీదికి వచ్చాకే అతను కంపెనీకి పనికొచ్చే పైలట్.

పాతరోస్టర్
నేను ఏ చెక్‌లోనూ తప్పలేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

నాలుగుచారలు
మిమ్మల్ని అనలేదు. పద్ధతి గురించి చెప్పాను.

పాతరోస్టర్
పద్ధతి గురించే అయితే ఇది వినండి. సీనియారిటీ అంటే ప్రతిభకు వేసే మార్కులు కావు. ఎవరు ముందు వచ్చారన్న ఒక్క లెక్క. ప్రతిభను కలిపారంటే, ఇన్‌స్ట్రక్టర్‌కు ఇష్టమైనవాడు ముందుకెళతాడు. పైరవీలకు తావు ఉండకూడదనే కదా విమానయానంలో ఈ పద్ధతి పెట్టుకున్నది? చెక్‌లో తప్పితే కమాండ్ ఆపండి, కావాలంటే ఉద్యోగం తీసేయండి. నంబరు ముట్టుకోవద్దు.

మేఘమాల
పాతరోస్టర్ గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పైన రెండో పద్ధతి అని ఒక్క వాక్యంలో దాటేశారు, సర్వీసులోంచి లే-ఆఫ్ కాలం తీసేయడం. మా విలీనంలో ఆ తీసివేతలో నా ప్రసూతి సెలవును కూడా కలిపేశారు. నేను ఉద్యోగంలోనే ఉన్నాను, స్టాఫ్ నంబరు అదే, జీతం స్లిప్పులు వచ్చాయి. అయినా జాబితా తయారుచేసినవాళ్ల కంప్యూటర్‌లో నేను ఎగరని రోజులన్నీ ఒకే కోడ్ కింద ఉన్నాయి. అభ్యంతరం రాశాను, గెలిచాను, నా స్థానం నాకు వచ్చింది.

కుడిసీటు గారి రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు: మారుతుంది, కాగితం ఉంటే. నేను జతచేసినవి: నియామక పత్రం, మొదటి రోజు క్లాసు హాజరు పట్టీ నకలు, సెలవు మంజూరు చేసిన మెయిల్, ఆ నెలల జీతం స్లిప్పులు, పాత కంపెనీ చివరిసారి ప్రకటించిన సీనియారిటీ జాబితాలో నా పేజీ. అన్నిటికన్నా పనికొచ్చింది పాత జాబితాలోని ఆ పేజీ. అన్యాయం జరిగిందని ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఫలానా గడిలో ఫలానా తేదీ తప్పు, సరైనది ఇది, రుజువు ఇది అని మాత్రమే రాశాను.

రాత్రిల్యాండింగ్
కాగితాలతో మారేది తేదీలే అండీ, పద్ధతి మారదు. పద్ధతి మారాలంటే బలం కావాలి. మన దగ్గర 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. రెండు పక్షాల పైలట్లకూ వేర్వేరు సంఘాలు, వేర్వేరు జీతాలు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనమని సమ్మె చేశారు. ఆ తర్వాత జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేశారు, గొడవ మాత్రం తీరలేదు. 2012లో బోయింగ్ 787 శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇస్తున్నారని ఎయిర్ ఇండియా పైలట్లు మే నుంచి జులై దాకా విధులు మానేశారు. విలీనమై అయిదేళ్లయినా ఎవరు ఏ విమానం ఎక్కాలో తేలలేదు.

తూర్పుగాలి
ఆ సమ్మెతో ఎవరికి ఏం ఒరిగింది?

రాత్రిల్యాండింగ్
ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, తిరిగి చేరడానికి నానా అవస్థలు పడ్డారు. అయినా మౌనంగా ఉండమనే సలహా నేను ఇవ్వను. విలీనం ప్రకటించిన రోజే రెండు పక్షాలనూ ఒక గదిలో కూర్చోబెట్టకుండా ఏళ్ల తరబడి నానబెట్టింది యాజమాన్యం, కొట్టుకున్నది పైలట్లు.

జాబితాకమిటీ
ఇంకో విషయం ఎవరూ తాకలేదు, పదవీ విరమణలు. నికొలావు తీర్పు తర్వాత తూర్పువాళ్ల అసలు కోపం ఇది: వాళ్లలో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ, వాళ్లు దిగిపోతే ఖాళీ అయ్యే సీట్లు తమ జూనియర్లకు రావాలి గానీ పడమటి కుర్రవాళ్లకు వెళుతున్నాయని. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో పైలట్ల వయోపరిమితి 60 నుంచి 65కు పెరిగింది. జాబితా కట్టేటప్పుడు వేసుకున్న ఖాళీల అంచనాలన్నీ అయిదేళ్లు వెనక్కి జరిగాయి.

నాలుగుచారలు
65 చేయడమే పెద్ద తప్పు. పైవాళ్లు దిగకపోతే కిందివాళ్లు ఎప్పుడు ఎక్కాలి?

తూర్పుగాలి
మెడికల్ పాసయి, సిమ్యులేటర్ చెక్ పాసయిన కెప్టెన్‌ను వయసు చూపించి దించమంటున్నారు. రేపు మీకూ అరవై వస్తుంది, కెప్టెన్ గారూ.

నిర్వాహకుడు
వయోపరిమితి మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. వ్యక్తిగతంగా దూషించుకున్న రెండు వ్యాఖ్యలు తొలగించాను.

కుడిసీటు
మేఘమాల గారూ, ధన్యవాదాలు. హాజరు పట్టీ సంగతి నాకు తట్టలేదు, ఈ రోజే శిక్షణ విభాగానికి రాశాను. మూడో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రక్షణ నిబంధన ఎంతవరకు నిలుస్తుంది?

ఎడమగాలి
నేను చెబుతాను. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే మరో విమాన కంపెనీని కొన్నది. టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా జాబితా అడుగున అతికించేశారు. ఊరటగా సెయింట్ లూయిస్ బేస్‌లో కెప్టెన్ సీట్ల విషయంలో వాళ్లకు రక్షణ కల్పించారు. ఆ ఏడాదే సెప్టెంబరు 11 దాడులు, విమానయానం కుదేలైంది. 2003లో కంపెనీ సెయింట్ లూయిస్‌లో సర్వీసులు భారీగా కోసేసింది. బేసే కుంచించుకుపోయాక అక్కడి సీట్లకు రక్షణ ఉండి ఏం లాభం? చాలామంది లే-ఆఫ్ అయ్యారు. 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం రావడానికి దారితీసింది వాళ్ల గోడే. ఒప్పందం కుదరకపోతే తటస్థ మధ్యవర్తి దగ్గరికి వెళ్లి తీరాలని ఆ చట్టం చెబుతుంది, కానీ టీడబ్ల్యూఏ వాళ్లకు అది వర్తించలేదు.

మీకు చెప్పేదేమిటంటే, రక్షణ ఒక విమాన రకానికో ఒక బేస్‌కో కట్టి ఉంటే సంతకం పెట్టకండి. ఆ విమానాలను లీజుదారుకు తిప్పి పంపేస్తే నిబంధన కాగితం మీదే ఉంటుంది. మొత్తం కెప్టెన్ సీట్లలో ఇంత శాతం మీవాళ్లవని ఉండాలి.

పాతరోస్టర్
శాతం కూడా జూనియర్లకు అందదు. పైనున్నవాళ్లే పంచుకుంటారు.

జాబితాకమిటీ
ఎడమగాలి గారు సరిగ్గా చెప్పారు. నేనూ ఒకటి కలుపుతాను. జాబితాను ఏ తేదీ నాటి హోదాలతో స్తంభింపజేశారో నోటీసులో చూడండి. విలీనం ప్రకటించిన రోజా, పూర్తయిన రోజా? ఆ మధ్యకాలంలో ఒక కంపెనీ హడావుడిగా కమాండ్‌లు ఇచ్చుకుంటే, నిష్పత్తిలో వాళ్ల కెప్టెన్ల సంఖ్య పెరిగిపోతుంది. మా దగ్గర గొడవంతా దీనిమీదే. ప్రకటన తేదీకే కట్టుబడాలని పట్టుబట్టి సాధించాం.

నాలుగుచారలు
ఆ కాలంలో కమాండ్ న్యాయంగా పూర్తిచేసినవాళ్లు ఏమవ్వాలి? నేను వాళ్లలో ఒకణ్ణి. విలీనం ఊసు రాకముందే నా శిక్షణ మొదలైంది.

జాబితాకమిటీ
శిక్షణ మొదలైన తేదీ కాగితం మీద ఉంటే మినహాయింపు ఇస్తారు. మేం ఇచ్చాం. మీ దగ్గర అడగలేదా?

నాలుగుచారలు
అడిగాం. ఇంకా జవాబు రాలేదు.

కుడిసీటు
నోటీసు మళ్లీ చదివాను. స్తంభింపజేసిన తేదీ ఎక్కడా లేదు. హాజరు పట్టీ వచ్చింది, నా పేరు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. మా బ్యాచ్‌లో మిగతావాళ్లకూ అదే కాగితం పంపాను. అందరం ఒకే నమూనాలో, ఎవరి అభ్యంతరం వాళ్లు రేపు ఉదయం ఇస్తున్నాం. స్తంభన తేదీ ఏదో రాతపూర్వకంగా చెప్పమని చివరి పేరాలో అడిగాం.

మేఘమాల
అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. మెయిల్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు.

పాతరోస్టర్
బ్యాచ్‌లో అందరిదీ ఒకే చేరిన తేదీ అయితే మీలో మీకు వరుస ఎలా కడతారో కూడా ఇప్పుడే అడగండి. వయసును బట్టా, శిక్షణ మార్కులను బట్టా? మా బ్యాచ్ ఆ ముక్క దగ్గరే విడిపోయింది.