స్లీవ్ సర్జరీ తర్వాత నెలకు రెండుసార్లు పీరియడ్స్, మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

తెనాలి_మల్లెమొగ్గ

నమస్తే అండి. నాకు 31 ఏళ్లు. ఐదు నెలల క్రితం స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకున్నాను, 108 కిలోల నుంచి 84కి వచ్చాను. పెళ్లికి ముందు నుంచీ పీసీఓడీ ఉంది, టాబ్లెట్లు వేసుకుంటే తప్ప డేట్ వచ్చేది కాదు, మూడు నెలలు, ఒక్కోసారి ఐదు నెలలు కూడా రాకుండా ఉండేది. ఆపరేషన్ అయిన రెండో నెలలో ఏ టాబ్లెట్ లేకుండా దానంతట అదే వచ్చేసరికి సంతోషం పట్టలేక బాత్రూంలోనే ఏడ్చేశాను.

ఇప్పుడేమో ఆగట్లేదు. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతున్నాను, పోయిన నెల కాగితం మీద 14 సున్నాలు ఉన్నాయి. ముందు ఐదు రోజులు, వారం గ్యాప్, మళ్లీ తొమ్మిది రోజులు. గడ్డలు గడ్డలుగా పడుతోంది, రాత్రి పెద్ద ప్యాడ్ పెట్టుకున్నా దుప్పటికి అంటుతోంది. అత్తయ్యేమో "ఇన్నాళ్లూ లోపలే ఉండిపోయింది కదమ్మా, చెడు రక్తం పోనీ, మంచిదే" అంటారు. నా మీద ప్రేమతోనే అంటారు గానీ, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, తల దువ్వితే జుట్టు చేతికి వచ్చేస్తోంది, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. సర్జరీ చేసిన చోట అడిగితే గైనిక్‌కి చూపించుకోమన్నారు, గైనిక్ దగ్గరికి వెళ్తే బరువు తగ్గేటప్పుడు ఇలాగే ఉంటుంది, ఆపరేషన్ చేసినవాళ్లనే అడగండి అన్నారు. ఇంక ఎవరిని అడగాలి?

మీకు ఎన్నాళ్లకి కుదుటపడింది? నొప్పికి ఎప్పుడూ వేసుకునే మెఫ్తాల్ వేసుకోవచ్చా?

ఓరుగల్లు_అక్క

చెల్లీ, నాకు స్లీవ్ అయ్యి మూడేళ్లు. మొదటి ఏడు నెలలు అచ్చం నీలాగే, డేట్ ఎప్పుడొస్తదో తెలియక పెళ్లిళ్లకి పోవడమే మానేసిన. బరువు తగ్గడం నెమ్మదించినంక సెట్ అయింది, ఇప్పుడు 29, 30 రోజులకు వస్తుంది.

కానీ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఒకటి అడుగుతాను, నీకు పచ్చి బియ్యం నమలాలని, బలపం కొరకాలని, ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు తినాలని అనిపిస్తోందా? నేను చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుని గుప్పెడు గుప్పెడు నమిలేదాన్ని, అన్నం ఎక్కువ తినలేకపోతున్నా కదా, అందుకే అనుకున్నాను. చివరికి మా ఆడపడుచు నా కళ్ల కింది రెప్ప లాగి చూసి, తెల్లగా పాలిపోయాయని పట్టుబట్టి ల్యాబ్‌కి తీసుకుపోయింది. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 5. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో ఫెరిటిన్ చెప్తుంది, ఆ నిల్వ ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది, కాబట్టి ఒట్టి సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయించి ఊరుకోకు, ఫెరిటిన్ కూడా రాయమను. నాకు టాబ్లెట్లు రెండు నెలలు వాడినా పెరగలేదు. పొద్దున టాబ్లెట్ వేసుకుని వెంటనే చాయ్ తాగేదాన్ని, అది కూడా ఒక కారణమట. తర్వాత సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, రెండుసార్లు. నెల తిరిగేసరికి ఆయాసం పోయింది, బియ్యం మీద ధ్యాసే పోయింది.

వార్డు_సిస్టర్

నేను గైనిక్ వార్డులో స్టాఫ్ నర్సుని, డాక్టర్‌ని కాదు. పదకొండేళ్లుగా చూస్తున్నదే చెప్తున్నాను.

అండాశయాలే కాదండి, మన ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, కొంత దాచుకుంటుంది కూడా. కొవ్వు వేగంగా కరిగేటప్పుడు ఆ లెక్కంతా మారిపోతుంది. మరోపక్క ఇన్సులిన్ తగ్గుతుంది, పీసీఓడీలో ఎక్కువగా ఉండే మగ హార్మోన్ల జోరు తగ్గుతుంది, అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. మీకు టాబ్లెట్ లేకుండా డేట్ రావడానికి కారణం అదే. అయితే మొదట్లో ఒక నెల అండం విడుదలవుతుంది, ఇంకో నెల అవ్వదు. అవ్వని నెలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉండదు, గర్భసంచి లోపలి పొర పెరిగి పెరిగి తనకిష్టమొచ్చినప్పుడు ఊడుతుంది. చెడు రక్తం అంటూ విడిగా ఏదీ ఉండదండి, పోయేది మీ రక్తమే. పెద్దావిడకి ఇది నెమ్మదిగా చెప్పండి.

చాలామందికి సర్దుకుంటుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి నెలలు తప్పినవాళ్లకి ఆ పొర ముందే మందంగా ఉండి ఉండొచ్చు, అందుకని మీకు స్కాన్ తప్పనిసరి. అంతకంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, దాంతోపాటు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, సీబీపీ, ఫెరిటిన్, బీ12. డిశ్చార్జ్ కాగితం, మీ క్యాలెండర్ ఫొటో రెండూ పట్టుకుని వెళ్లండి. 14 సున్నాలు కళ్లతో చూశాక ఎవరూ "ఇలాగే ఉంటుంది" అనరు.

మెఫ్తాల్ వద్దు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కూడా అదే జాతి, ఈ ఆపరేషన్లు అయినవాళ్లకి పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఉంది, పొట్టకి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి మరీ ఎక్కువ. నొప్పికి పారాసెటమాల్ వేసుకోండి, వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకోండి. బ్లీడింగ్ ఆగడానికి ట్రానెక్సామిక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి అవి పడవు, డాక్టర్ రాస్తేనే వాడాలి. ఐరన్‌కీ క్యాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, కూర్చున్నచోటే గుండె దడదడలాడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. క్యాజువాలిటీకి వెళ్లిపోండి.

చిన్నూ_వాళ్లమ్మ

పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉంటున్నారా అమ్మా? ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. పెళ్లయిన ఆరేళ్లూ మాకు పిల్లల్లేరు, "నాకెలాగూ రాదులే" అని అలవాటైపోయింది. బైపాస్ అయిన ఎనిమిదో నెలలో గర్భం వచ్చింది, అదీ పిల్స్ వేసుకుంటూనే. బైపాస్ తర్వాత నోటితో వేసుకునే పిల్స్ ఒంటికి సరిగా పట్టకపోవచ్చని, మరో పద్ధతి మంచిదని నాకు అప్పుడే తెలిసింది. కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు కదా, బరువు ఇంకా తగ్గుతూ ఉండగా లోపల బిడ్డకి సరిపడా తిండి అందదని. నాకు నెల నెలా రక్త పరీక్షలు, ఐరన్ డ్రిప్పులు, తిన్నదల్లా వాంతి. చిన్నూ 2.3 కిలోలతో పుట్టాడు, దేవుడి దయ, ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ తొమ్మిది నెలలు పడిన భయం మాటల్లో చెప్పలేను. మీకు బ్లీడింగ్ ఎక్కువ కాబట్టి కాపర్ టీ కాకుండా, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ గురించి అడగండి, దాంతో బ్లీడింగ్ కూడా తగ్గుతుంది.

తెనాలి_మల్లెమొగ్గ

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. గుంటూరులో వేరే గైనిక్ మేడమ్ దగ్గరికి వెళ్లాను, క్యాలెండర్ కాగితమే చింపి పట్టుకెళ్లాను. ప్రెగ్నెన్సీ లేదు, థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.9, ఫెరిటిన్ 4. గర్భసంచి పొర 14 మిల్లీమీటర్లు ఉందని ప్రొజెస్టిరాన్ టాబ్లెట్లు రాశారు, అవి అయ్యాక మళ్లీ స్కాన్ చేసి తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతామన్నారు. లూప్ గురించి అప్పుడే మాట్లాడదామన్నారు. ఫోన్ చేసి సర్జన్ గారితో ఆవిడే మాట్లాడారు.

అక్కా, మీరు అడిగింది చదివి ఉలిక్కిపడ్డాను. నాది బియ్యం కాదు, ఐస్. రోజుకి రెండు ట్రేలు అవగొడుతున్నాను, ఎండల వల్ల అనుకున్నాను.

నిన్న మొదటి ఐరన్ సీసా ఎక్కించారు. అత్తయ్య నా పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నారు, చుక్కలు పడటం ఆగినట్టు అనిపించినప్పుడల్లా సిస్టర్‌ని పిలుస్తూనే ఉన్నారు. మీకు రెండోసారి ఎన్ని రోజుల గ్యాప్‌లో ఎక్కించారు? మొదటిదాని తర్వాత ఒళ్లునొప్పులు వచ్చాయా? నాకు రాత్రి నుంచి కొంచెం ఉన్నాయి, మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను, జ్వరం గానీ దద్దుర్లు గానీ వస్తే వెంటనే రమ్మన్నారు.