అమెరికా రాజ్యాంగం పాఠానికి ఆన్‌లైన్‌లో నమ్మకమైన మెటీరియల్ చెప్పండి

ప్రశ్న (అనంతపురం):
అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తాను, ఈ సెమిస్టర్‌లో అమెరికా ప్రభుత్వం ఉంది. ఎక్కువమంది కళ్యాణదుర్గం, ధర్మవరం వైపు పల్లెల నుంచి వచ్చే తెలుగు మీడియం వాళ్ళే. దృఢ రాజ్యాంగం, అధికార పృథక్కరణ అని గైడ్‌లో ఉన్న పాయింట్లన్నీ బట్టీ పట్టేశారు, కానీ అధ్యక్షుడు వద్దన్న బిల్లు ఏమవుతుందని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. యూట్యూబ్ వీడియోల్లో వాళ్ళ యాస అందడం లేదు. డబ్బు కట్టకుండా వాడుకునేవి ఏమున్నాయి?

జవాబు (కర్నూలు):
సార్, కాంగ్రెస్.గవ్ తెరవండి. అమెరికా పార్లమెంటు వాళ్ళ సొంత సైట్, ప్రతి బిల్లూ ఏ రోజు ఎక్కడికి పోయిందో వరుసగా ఉంటుంది. వీటోకి నేను చూపించేది 2016 నాటి జాస్టా బిల్లు. సెప్టెంబర్ 11 దాడుల బాధితులు సౌదీ అరేబియా మీద కోర్టుకు వెళ్ళడానికి దారి తీసిన చట్టం అది. ఒబామా వీటో చేశారు, ఐదు రోజులకే సెనేట్ 97-1, ప్రతినిధుల సభ 348-77 ఓట్లతో ఆ వీటోను తోసేశాయి, రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు దాటాయి కాబట్టి చట్టమైపోయింది. ఆ పేజీ పక్కనే మన రాజ్యాంగం 111వ అధికరణ పెట్టండి. మన దగ్గర రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును సభలు మామూలు మెజారిటీతో మళ్ళీ పాస్ చేస్తే చాలు, ఆమోదించాల్సిందే. ఈ తేడా చూశాక పిల్లలే ప్రశ్నలు మొదలుపెడతారు.

జవాబు (కడప):
చరిత్ర భాగానికైతే అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ పత్రాలు దాచే సంస్థ) వాళ్ళ డాక్స్‌టీచ్ సైట్ బాగుంటుంది సార్, అసలు కాగితాల ఫోటోలే ఉంటాయి. 1787 రాజ్యాంగంలో ప్రతినిధుల సభ సీట్ల లెక్క కోసం ఐదుగురు బానిసలను ముగ్గురిగా కట్టిన వాక్యం, దాని కిందనే బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణ, రెండూ ఒకే ఏ4 మీద ప్రింట్ తీసి ఇస్తాను. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. అయితే ఆ కాలం ఇంగ్లిష్ కష్టం, పిల్లల మీద వదిలేయకుండా ముందు మీరే తెలుగులో చెప్పాలి.
ఐసివిక్స్ అనే సైట్ కూడా చూడండి, అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా జడ్జి సాండ్రా డే ఓకానర్ 2009లో మొదలుపెట్టారు. అందులో లాయర్ ఆఫీసు నడిపే ఆట ఉంది, వచ్చిన క్లయింటుకు నిజంగా ఆ హక్కు ఉందా లేదా తేల్చాలి. బడి పిల్లల కోసం చేసింది కాబట్టి ఇంగ్లిష్ తేలిక.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్, మేడమ్. ఒక్క టెన్షన్, మా క్లాసులో నెట్ మధ్యలో పోతుంది.

జవాబు (కర్నూలు):
ఆట ఒక్కటే నెట్ లేకుండా నడవదు, దాన్ని ల్యాబ్ రోజుకు ఉంచుకోండి. బిల్లు పేజీ, పత్రాల ఫోటోలు ముందురోజే ఇంట్లో పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, వాట్సాప్ గ్రూపులో పిల్లలకూ పంపండి.