సీఆర్‌పీ తగ్గింది, ఈఎస్‌ఆర్ పెరిగింది: అమ్మ కీళ్లవాతం తగ్గుతున్నట్టా, ముదురుతున్నట్టా?

గాజువాక_కూతురు:
అమ్మకు 54 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్ వారానికి 15 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. మూడు నెలల కిందట గాజువాకలో చేయిస్తే, ఒంట్లో వాపు చూపించే ఈఎస్‌ఆర్ 38, సీఆర్‌పీ 18, ఈ జబ్బు యాంటీబాడీ ఆర్‌ఏ ఫ్యాక్టర్ 96, హిమోగ్లోబిన్ 11.2. నిన్న మహారాణిపేటలో వేరే ల్యాబ్‌లో ఈఎస్‌ఆర్ 62, సీఆర్‌పీ 1.8, ఆర్‌ఏ ఫ్యాక్టర్ 120, హిమోగ్లోబిన్ 9.1. మొదట్లో ఇంకో యాంటీబాడీ, యాంటీ సీసీపీ, 210 ఉండేది. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ ఇంకా పది రోజులుంది. ఏ అంకె నమ్మాలి? సీసీపీ మళ్లీ చేయించాలా?

ల్యాబ్‌బెంచి:
ముందు సీఆర్‌పీ పక్కన సన్నక్షరాల్లో ఉన్న యూనిట్ చదవండి. నార్మల్ రేంజి 5 లేదా 6 లోపు అని ఉంటే లీటరు లెక్క. 0.5 లేదా 0.6 లోపు అని ఉంటే డెసీలీటరు లెక్క. రెండింటికీ పదింతల తేడా.

ఈఎస్‌ఆర్ అంటే గంటలో ఎర్రకణాలు ట్యూబులో ఎంత కిందికి దిగాయో కొలవడం, మహా సున్నితం. నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ ఉండాలి, ట్యూబు గంటసేపు నిట్టనిలువుగా నిలబడాలి. కాస్త వాలినా, గది బాగా వేడిగా ఉన్నా అంకె పెరుగుతుంది. శాంపిల్ బయటే నాలుగు గంటలు దాటితే తగ్గుతుంది. కలెక్షన్ సెంటర్‌లో తీసి మధ్యాహ్నం దాకా బ్యాగులో తిప్పిన శాంపిల్‌ని నేనైతే నమ్మను. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కి, పొద్దున్నే, నేరుగా వెళ్లి ఇవ్వండి.

గాజువాక_కూతురు:
అయ్యో, నిజమేనండీ! పాతది లీటరుకు, కొత్తది డెసీలీటరుకు. అంటే 18 అలాగే ఉందన్నమాట.

కీళ్ల_పీజీ:
అవును, వాపు తగ్గలేదు. అలాగని ఈఎస్‌ఆర్ 62 చూసి ముదిరిందనీ అనుకోకండి. మీ అమ్మగారిలా హిమోగ్లోబిన్ తగ్గి రక్తం పలచబడితే ఎర్రకణాలు త్వరగా దిగిపోతాయి, ఈఎస్‌ఆర్ దానంతటదే పెరుగుతుంది. ఈ వయసు ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి సగం చేస్తే, అంటే 32 వరకు మామూలే.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ 96 నుంచి 120 అయిందని కంగారొద్దు, ల్యాబ్ మారితే ఆ మాత్రం తేడా వస్తుంది. ఇదీ, సీసీపీ జబ్బు ఏ రకమో, ఎముక దెబ్బతినే ముప్పు ఎంతో చెప్తాయి గానీ ఇవాళ ఎంత మండుతోందో చెప్పవు. సీసీపీకి మళ్లీ డబ్బు పోయొద్దు.

తీవ్రత తేల్చేది కీళ్ల లెక్క. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిపి ఎనిమిది, చేతివేళ్ల కణుపులు ఇరవై, మొత్తం 28. నొక్కితే నొప్పి ఎన్నింటికి, వాపు ఎన్నింటికి అని డాక్టరు విడివిడిగా లెక్కపెట్టి, ఈఎస్‌ఆర్‌తో గానీ సీఆర్‌పీతో గానీ కలిపి స్కోరు వేస్తారు. 5.1 దాటితే తీవ్రం, 2.6 లోపు అదుపు. మీ అమ్మగారికి సీఆర్‌పీతో వేసిన స్కోరే నయం. పాదాలు ఈ 28లో లేవు, అక్కడ వాపుంటే విడిగా చెప్పండి.

నన్ను భయపెడుతున్నది మాత్రం హిమోగ్లోబిన్. మూడు నెలల్లో రెండు గ్రాములు పడిపోయింది. అదే రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, ఎంత? తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు? నోట్లో పుళ్లున్నాయా? మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేస్తున్నారు కదా? నొప్పి మాత్రలేమన్నా?

గాజువాక_కూతురు:
ఎంసీవీ 71. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు నార్మలే. పుళ్లు లేవు. మాత్ర ఆదివారం ఒక్కరోజే. డైక్లోఫెనాక్ మాత్రం రోజూ రెండు, మందుల షాపులో అడిగి తెచ్చుకుంటోంది.

కీళ్ల_పీజీ:
మెథోట్రెక్సేట్‌తో అయితే సాధారణంగా ఎంసీవీ పెరుగుతుంది. 71 అంటే తక్కువ, ఐరన్ లోపమే ఎక్కువ అనుమానం. డైక్లోఫెనాక్ వల్ల కడుపులో పుండు పడి కొద్దికొద్దిగా రక్తం పోతోందేమో చూడాలి. ఆ మాత్ర ఇవాళే ఆపి, పది రోజులు ఆగకుండా రేపే మీ డాక్టరుకో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలోనో చూపించండి. ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చేయించమని అడగండి. వాపున్నప్పుడు ఫెరిటిన్ పైకి కనిపిస్తుంది, నార్మల్ వచ్చినా ఐరన్ బాగుందని తేల్చేయకూడదు. విరేచనం తారులా నల్లగా ఉంటే రేపటిదాకా కూడా వద్దు, ఈ రాత్రే క్యాజువాలిటీకి వెళ్లండి.