'పెరటి కొలిమి'యా, 'నాటు కొలిమి'యా?

ప్రశ్న: ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలని 1958లో చైనా మొదలుపెట్టిన ఉద్యమం 'మహా ముందంజ' (గ్రేట్ లీప్ ఫార్వర్డ్). దాని గురించి తెలుగులో చదివినప్పుడల్లా, అప్పుడు ఉక్కు కోసం జనం చేత కట్టించిన చిన్న కొలిములకు 'పెరటి కొలిమి' అన్న మాట తగులుతోంది. చైనావాళ్ల మాటలోనూ పెరడు ఉందా?

జవాబు: లేదండీ. పెరడు ఇంగ్లీషువాళ్లు తగిలించింది, మనం అలాగే దింపుకున్నాం. అసలు మాట 'తు గావ్ లు'. గావ్ లు అంటే ఎత్తు కొలిమి, మనం బ్లాస్ట్ ఫర్నేస్ అనేది. తు అంటే మట్టి. అక్కణ్ణుంచే 'ఊళ్లోది, నాటుది' అన్న అర్థం వచ్చింది. తు జి అంటే అచ్చంగా నాటుకోడి. దీనికి ఎదురు మాట యాంగ్, అంటే సముద్రం, అంటే సముద్రం దాటి వచ్చిన సరుకు. అగ్గిపుల్ల యాంగ్ హువో, సీమ నిప్పు. కిరసనాయిలు యాంగ్ యోవ్, సీమ నూనె. మనకూ సీమచింత, సీమపెంకు లేవూ? నాటు, సీమ అని ఇంత చక్కగా అతికే జంట ఉండగా పెరట్లోకి పోవడం దేనికి? పైగా ఆ కొలిములు చాలావరకు కమ్యూన్ (ఊళ్లను కలిపి పెట్టిన ఉమ్మడి సేద్య సంఘం) పొలాల్లో, బడుల ఆవరణల్లో, ఆఫీసుల ముందు లేచాయి.

ఇంకొకరు: నాటుసారా, నాటుబాంబు... ఈ మాటలో ఈసడింపు లేదా?

జవాబు: తులోనూ ఉంది. కమ్యూనిస్టు పార్టీ ఆ ఈసడింపునే తిరగేసి గొప్పగా వాడుకుంది. 'తు యాంగ్ బింగ్ జ్యూ' అన్న నినాదానికి అర్థం నాటూ సీమా రెండూ ఒక్కసారే సాగాలని. కాబట్టి 'నాటు కొలిమి' అంటే ఆ వాసన కూడా దిగుతుంది. నా అభ్యంతరం 'నాటు ఉక్కు' అన్న మాట మీద. అక్కడ వచ్చింది ఉక్కు కాదు.

1957లో చైనా ఉక్కు 53.5 లక్షల టన్నులు. దాన్ని ఏడాదిలో రెట్టింపు చేసి 1.07 కోట్ల టన్నులు తీయాలని 1958 ఆగస్టులో బైదైహ అనే ఊళ్లో జరిగిన పార్టీ పెద్దల సమావేశంలో ఖాయం చేశారు. అప్పటికి మిగిలింది నాలుగు నెలలు. ఇటుక, మట్టితో కట్టిన కొలిమి, కట్టెబొగ్గో రాతిబొగ్గో, గాలికి చెక్కపెట్టె తిత్తి. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి, ఆ తిత్తితో అంత వేడి రాదు. బొగ్గులోని కార్బన్ నాలుగు శాతానికి పైగా పట్టిన ఇనుమైతే 1,150 దగ్గరే కారుతుంది. అలా కారింది పోత ఇనుము. సుత్తి దెబ్బకు పగులుతుంది. ఉక్కు కావాలంటే ఆ కార్బన్‌ను మళ్లీ కాల్చి రెండు శాతం లోపుకు దించాలి. ఆ రెండో అంచె చాలాచోట్ల సరిగ్గా జరగలేదు. రాతిబొగ్గు వాడినచోట అందులోని గంధకం ఇనుములో చేరి, ఎర్రగా కాల్చి కొట్టినా చీలిపోయేది. వేడి మరీ చాలనిచోట ముద్దలు ముద్దలుగా చిట్టెం. లెక్క కోసం ఇళ్లలోని మూకుళ్లు కూడా వేశారు. ఆ మూకుడూ పోత ఇనుమే. వంటకు పనికొచ్చేదాన్ని కరిగించి, దేనికీ పనికిరాని ముద్ద చేసుకున్నారు.

1959 ఆగస్టులో, లూషాన్‌లో జరిగిన పార్టీ సమావేశం తరవాత, 1958 ఉక్కు లెక్క మీద ప్రకటన వచ్చింది: మొత్తం 1.108 కోట్ల టన్నులు, అందులో మంచి ఉక్కు 80 లక్షలు. తక్కిన 30.8 లక్షలూ నాటు లెక్క.

మరొకరు: తప్పు నాటుతనానిది కాదని కూడా రాయండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు చేసిందీ బొగ్గుతోనే. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అక్కడ ఇనుమును మట్టి మూసలో పెట్టి మూత బిగించి కాచేవారు కాబట్టి కార్బన్ ఎంత పట్టాలన్నది చేతిలో ఉండేది. చల్లారిన బిళ్లను మళ్లీ కాల్చి మెత్తబరిచేవారు. తరాలుగా అదే పని చేసినవాళ్లు. చైనాలో కొలిమి ముందు నిలబడ్డవాళ్లు కోతలకు పోవాల్సిన రైతులు. అది సరిగ్గా కోతల కాలం. చాలా ఊళ్లలో పంట చేలోనే రాలింది.

ప్రశ్న వేసినవారు: ఒప్పుకున్నాను. 'తు ఫా ల్యెన్ గాంగ్'ను 'నాటు పద్ధతిలో ఉక్కు తీత' అనొచ్చా? ఉక్కుకు కొటేషన్లు పెడతాను. కానీ కొలిమి అంటే కమ్మరి దగ్గరిది గుర్తొస్తుంది. 'నాటు బట్టీ' అంటే?

జవాబు: తీత బాగుంది. బట్టీ మాత్రం వద్దు, సారా కాస్తున్నారనుకుంటారు.